ఊకె కూసునే ప్రాయశ్చిత్తం

ఆ రోజులల్ల, అంటే ఇంకా తెలంగాణ రాకముందు, నన్ను సోమరి అన్నోడు నాచారంల ఒక్కడు లేకుండె, మా చర్చి ఫాదర్ తప్ప. ఫ్యాక్టరీల నైట్ డ్యూటీ దిగి, నిద్రమొఖంతోనే ఆదివారం పూజకు ఉరికేటోన్ని. కుర్చీలు ఏసుడు, మైకు పెట్టుడు, బండ్లు వరుసకు నిలవెట్టుడు, అన్నీ నావే. పూజ మొదలైందంటే మాత్రం బయట సౌండ్ బాక్స్ కాడనే ఉంటుంటి. నాయన పోయినప్పటి సంది లోపల కూసున్నది లేదు. అమ్మ ప్రతివారం తన పక్కన నాకు జాగ ఆపేది. వస్తున్ననే అనేటోన్ని, ఇంతల పూజ అయిపోయేది.

ఈస్టర్ ముందటి తపస్సు కాలంల, ఫాదర్ కాడ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పోయిన. (నిజం చెప్పాలంటే, మెచ్చుకుంటడని పోయిన.) జర కోపం, ఒకటి రెండు అబద్ధాలు ఒప్పుకుని, మిగతాదంతా సేవనే ఫాదర్ అన్న. నాయన పోయినంక దేవునితోటి ఏమన్న మాట్లాడినవా అని అడిగిండాయన. తీరిక దొరకలే అన్న.

"గిదే సోమరితనం బిడ్డా. నీ కాళ్లు ఉరుకుతున్నయ్, మనసు పండుకుంది," అన్నడు.

మస్తు కోపమొచ్చింది. ఏడు మూలపాపాలల్ల ఇదొక్కటి నా జోలికి రాదని ధీమాగ ఉన్నోన్ని. ప్రాయశ్చిత్తం ఏందంటే, వచ్చే ఆదివారం ఏ పనీ ముట్టకుండ అమ్మ పక్కన ఊకె కూసోవాలె.

అంత కష్టమైన పని నేను ఫ్యాక్టరీల గూడ చెయ్యలే. ఫ్యాన్ కిర్రుమంటే నూనె యాదికొచ్చింది. ఎవరిదో పసిపిల్ల వైరు గుంజుతుంటే పానం ఆగలే. సువార్త నడుమ మైకు బందైంది, అందరు నా దిక్కే సూసిన్రు. లేవబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. ఫాదర్ ఉత్త గొంతుతోటే చదువుకుంట పోయిండు. మృతుల కోసం ప్రార్థనల మా నాయన పేరు వినవడ్డది. ఇయ్యాల చదివిపిచ్చినవా అని అమ్మ చెవుల అడిగిన.

"నెలనెలా సదివిపిస్తున్న బిడ్డా. నీకే ఇనవడలే," అంది.

ఇన్ని నెలలు ఆ పేరు అందరికి వినిపిచ్చిన మైకు నేను పెట్టిందే. సిగ్గు లేకుండ అక్కడనే ఏడ్చిన.

ఇప్పుడు నిజంగనే సోమరినైన. మోకాళ్ల నొప్పులని ముందే పోయి కూసుంట, ప్రసంగంల కునుకు గూడ తీస్త (పక్కోడు మోచేత్తో పొడుస్తడు). మృతుల ప్రార్థన రాంగనే మాత్రం మెలకువ దానంతట అదే వస్తది. ఇప్పుడు నాయన పేరు పక్కన అమ్మ పేరు గూడ చదువుతరు.