ఖాలా తెరిచి ఉంచిన తలుపులు

శుక్రవారం పొద్దున మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే మసీదు మైకులో చెప్పారు. పోయినావిడ పేరు చెప్పలేదు. ఎప్పుడో చనిపోయిన ఆమె భర్త పేరు చెప్పి, ఆయన ఇంటావిడ దవాఖానలో కన్నుమూసిందనీ, జుమ్మా నమాజు తర్వాత తీసుకుపోతారనీ చెప్పారు. ఎవరి గురించో నాకు తట్టడానికి కాసేపు పట్టింది. మా మట్టెవాడ సందులో ఆమెను ఫలానా ఆయన ఇంటావిడ అని ఎవరూ అనుకోరు. ఆమె వాళ్లకూ, చర్చికి పోయే మాకూ, సందు మొత్తానికీ ఆమె ఖాలానే, అంటే చిన్నమ్మే. తట్టాక, తడి చీర చేతిలో అలాగే పట్టుకుని గోడ అవతలికి చూశాను. ఆమె కుర్చీ వాకిట్లోనే ఉంది.

కళ్లు సహకరించినన్నాళ్లు ఖాలా జాకెట్లు కుట్టింది. సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక మిషన్ మీద గుడ్డ కప్పేసింది. అప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండే కూతురు ఒక ఫోన్ కొనిచ్చింది. మంచీచెడ్డా మాట్లాడుకోవడానికని ఇచ్చింది పాపం. ఖాలా దాన్ని పట్టుకుని లోకం మీద షికారుకు బయల్దేరింది.

మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలని నేనే చూపించాను. ఫోన్‌ను కూడా ఆమె మనిషిలాగే పలకరించేది. "జర గుండీలు చూపెట్టు బిడ్డా" అని అడిగింది మొదటిసారి. జాకెట్లు కుట్టిన మనిషి ఇంకేం అడుగుతుంది? ఎక్కడో ఒక ముసలాయన బతుకంతా గుండీలు పోగేసి గోడల నిండా అతికించుకున్న ఫొటోలు వచ్చాయి. వాటిలో ఒకటి తెల్లగా తళతళలాడుతోంది. అది దేంతో చేస్తారని అడిగితే ఆల్చిప్పలు వచ్చాయి. ఆల్చిప్పల వెంట సముద్రం అడుగుకు పోయింది, అక్కడి నుంచి ఓడలకు దారి చూపే దీపస్తంభాల దగ్గరికి పోయింది, ఒక దీపస్తంభం మెట్ల మీద నిద్రపోతున్న పిల్లి దగ్గర ఆగింది. మసీదులో సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజాన్ వినపడేసరికి ఉలిక్కిపడి, "నేను ఏడికెల్లి ఏడికొచ్చిన్నే?" అని గోడ మీదుగా నన్ను అడిగింది. బస్సులో కునుకు తీసి, దిగాల్సిన స్టాపు దాటిపోయిన మనిషిలా ఉంది. కాకపోతే దాటిపోయినందుకు సంబరంగా ఉంది.

ఆ తర్వాత ఆమె మధ్యాహ్నాలన్నీ అట్లాగే గడిచాయి. ఆటపట్టిద్దామని ఒకసారి అడిగాను.

"రోజంత ఏం ఎతుకుతానవ్ ఖాలా?"

"ఎతుకుతలేనే. ఎతికితె కావాల్సిందే దొర్కుతది. ఉత్తగ తిరిగితె, కావాలని మనకే తెల్వంది దొర్కుతది."

దొరికిన దేన్నీ ఆమె మూసేది కాదు. ఒక్కో పేజీ ఆమెకు ఒక్కో తలుపు. "మూస్తె మల్ల ఆ ఇల్లు దొర్కది. తెరిచే ఉండనీ, ఎవలకన్న పనికొస్తది" అనేది. నిజంగానే ఎవరికేది పనికొస్తుందో ఆమెకు తెలుసు. మా నాన్న పోయాక అమ్మ నవ్వడం మానేస్తే, నెమరేస్తూ మూతి వంకరలు తిప్పే ఒంటె వీడియో పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది ఖాలా. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఒంటెకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మా రెండిళ్ల మధ్య ఒక పద్ధతి ఉండేది. రంజాన్‌కు ఖాలా ఇంటి నుంచి షీర్ ఖుర్మా, క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి గారెలూ కేకూ గోడ దాటేవి. వచ్చిన గిన్నెను కడిగి ఖాళీగా ఇస్తే ఖాలా ఒప్పుకునేది కాదు. "ఖాళీ గిన్నె పంపొద్దు బిడ్డా, ఏం లేకుంటె జర చక్కెరన్న ఎయ్యి" అనేది. ఈ పద్ధతి ఫోన్‌కు కూడా వర్తిస్తుందని నాకు తెలియదు. ఒకరోజు ఆమె నాకొక లింకు పంపింది. రేకుల మీద వాన, పెంకుల మీద వాన, తాటాకుల మీద వాన, ఎవరో ఓపికగా వేర్వేరుగా రికార్డు చేసి పెట్టిన చప్పుళ్లు. నేను బస్సు ఎక్కే హడావుడిలో బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కి పంపాను. సాయంత్రం ఇంటికి రాగానే గోడ దగ్గర కాపు కాసింది.

"ఏలు పంపినవేందే? గిన్నెల ఏలు పెట్టి పంపుతరా ఎవలన్న?"

మర్నాడు హసన్‌పర్తి బస్సులో కూర్చుని మొదటిసారి ఉత్తగా తిరిగాను. కాలేజీ ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందే ఉంటాను కానీ, అందులో హాజరు పట్టీలు తప్ప ఇంకేమైనా ఉంటుందని అప్పటిదాకా అనుకోలేదు. పడవ మీద ఉత్తరాలు పంచే ఒకాయన ఫొటోలు దొరికితే పంపాను. "ఆఁ, గిప్పుడు గిన్నె నిండింది" అని ఖాలా తన మాట రికార్డు చేసి పంపింది.

అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైంది ఒక సముద్రం. అసలు సముద్రాన్ని ఖాలా ఎన్నడూ చూడలేదు. ఏదో దేశపు ఒడ్డున ఎవరో కెమెరా పెట్టి వదిలేశారు. మనకు పొద్దు వాలే వేళకు అక్కడ తెల్లవారుతుంది. అలలు తప్ప ఏమీ ఉండవు. అప్పుడప్పుడు ఒక కుక్క ఇటు నుంచి అటు పోతుంది.

"ఏమున్నదని చూస్తానవ్ ఖాలా?"

"మనకాడ వంగే పొద్దు ఆడ పొడుస్తాంది సూడు. దానికి సెలవే లేదు పాపం" అని సూర్యుడి మీద జాలిపడింది.

మూడోరోజు చేసే జియారత్ అయిన మర్నాడు ఖాలా కూతురు మా ఇంటికి వచ్చింది. చేతిలో తల్లి ఫోన్. తల్లి గంటల తరబడి ఫోన్ చూస్తుందని కోప్పడేది ఆమె ఒక్కతే. "ఏం బెట్టుకున్నదో అక్కా, ఊకె ఆగిపోతాంది. షాపుల ఇచ్చి మొత్తం తుడిపిస్త. నాది ఖరాబైంది, గిది నేనే వాడుకుంట" అంది.

గుడ్డ కప్పిన మిషన్ పోను, ఖాలా మిగిల్చిన ఆస్తంతా అందులోనే ఉంది. వద్దనే హక్కు నాకు లేదు. "తుడిపిచ్చే ముందు ఒక్కసారి చూద్దాం, కూసో" అన్నాను.

తెరిచి ఉన్న పేజీలు ఎన్నో చూపే చిన్న గడి ఒకటి ఉంటుంది. లెక్క మరీ మించితే ఫోన్ అంకె చూపడం మానేసి, అక్కడ నవ్వు మొహం పెడుతుంది. ఖాలా ఫోన్ ఎన్నాళ్ల నుంచి నవ్వుతోందో! ఒక్కో తలుపూ తీశాం. గుండీలు. దీపస్తంభం పిల్లి. అమ్మను నవ్వించిన ఒంటె. కూతురు నా భుజం మీదుగా వంగి చూస్తోంది. వీటి మధ్యమధ్యలో, పూల మధ్య ఆకులు కట్టినట్టు, ఒకే రకం పేజీ మళ్లీ మళ్లీ వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చే రైలు ఎక్కడిదాకా వచ్చిందో చూపే పేజీ.

కూతురు నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "నేనెప్పుడొచ్చినా పొయ్యి మీద చాయ్ పొగలు కక్కుతుండేది అక్కా. గీమెకు ఎట్ల తెలుస్తదో అనుకునేదాన్ని" అంది. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

తుడిపిస్తుందో లేదో నేను అడగలేదు. దవాఖానకు పోయే ముందురోజు ఖాలా ఖీరు పంపిన గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది. దాని నిండా చక్కెర పోసి, రైలుకు పోతున్న కూతురి చేతిలో పెట్టాను.

నిన్న సాయంత్రం ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. తెర మీద 'ఖాలా' అని పేరు. ఒక లింకు, కింద కూతురి మాటలు: "తుడిపియ్యలే అక్కా. నిమ్మలంగనే నడుస్తాంది. నడువనీ."

అలవాటు కొద్దీ బొటనవేలి బొమ్మ మీదికి పోయిన వేలు ఆగిపోయింది. హాజరు పట్టీ పక్కకు జరిపి, ఆమెకు ఏం పంపాలా అని ఉత్తగా తిరగడానికి బయల్దేరాను. కిటికీ బయట హసన్‌పర్తి చెరువు మీద పొద్దు వంగుతోంది. చేతిలో, కూతురు పంపిన లింకు తెరిస్తే, ఖాలా సముద్రం ఒడ్డున అదే పొద్దు పొడుస్తోంది.