బండి దిగని మేనమామ

ఒక పెళ్లి సంబంధాన్ని చెడగొట్టాలంటే ఆకాశరామన్న ఉత్తరం రాయొచ్చు, అబ్బాయికి లేని అలవాట్లు అంటగట్టొచ్చు, జాతకంలో కుజుణ్ణి వెతకొచ్చు. ఇవేవీ చేయకుండా, ఒక్క చెడ్డమాటైనా ఆడకుండా, కేవలం మోటారు సైకిలు మీద కూర్చుని నా సొంత మేనకోడలి నిశ్చితార్థాన్ని ముప్పావు గంటలో కూలిపోయే దాకా తెచ్చిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మావాళ్లు నాలుగేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నేను చిన్నవాణ్ణి. అరవై ఒకటి. ముప్పై నాలుగేళ్లు సర్వేయరుగా కడప జిల్లా పొలాల్లో గొలుసు లాగి, రిటైరై, కమలాపురంలో ఇంటిపట్టున పడ్డాను. నా తోటివాళ్లు పొద్దున్నే నడకకు పోతుంటే నాకు దేశం తిరగాలని బుద్ధి పుట్టింది. బస్సులోనో రైలులోనో తిరిగితే అందరిలాంటివాణ్ణే అవుతాను కదా. అందుకని దూరప్రయాణాలకు చేసిన పెద్ద బండి ఒకటి కొన్నాను. అది ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ లక్ష్మీదేవి చుట్టూ తిరిగి చూసి, "దీనికి గడ్డి ఎంత వేయాల?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్లిపోయింది.

బండిని మాత్రం నేను చంటిపిల్లలా చూసుకున్నాను. ఆదివారం వస్తే పాత పళ్లబ్రష్షుతో చైను తోమి నూనె పెట్టేవాణ్ణి. టైర్లలో గాలి నేనే చూసేవాణ్ణి. ఇంత చేసినా తృప్తి లేదు. ఫోనులో చూస్తే ఇతర దేశాల ముసలివాళ్లు బండ్లకు గాలికి అడ్డంగా ఎత్తయిన అద్దాలు, పొగమంచు దీపాలు, రేకు పెట్టెలు బిగించుకుని కొండలెక్కుతున్నారు. నా బండి వాటి ముందు స్నానం చేయించిన గొర్రెపిల్లలా కనిపించింది. వెంటనే కడపలో బాషా దగ్గరికి తోలుకుపోయాను. పెద్ద బండ్ల పనిలో బాషా చేయి తిరిగినవాడు. అతని తప్పు ఇందులో ఆవగింజంత లేదని ముందే చెబుతున్నాను.

"సార్, సీటు ఇంకా ఎత్తు చేస్తే ఎక్కేది కష్టమయితాది," అన్నాడు.

"నడుం నొప్పి బాషా. దూరం పోవాల గదా, మెత్తగుండాల."

"సరే. ఈ పెట్టెలు పక్కలకు ఇంత దూరం వస్తే కాలు యాడ తిప్పుతావు?"

"కాలు సంగతి నేను చూసుకుంటా, పెట్టెల సంగతి నువ్వు చూడు."

"ఎనక ఇంకో పెట్టె, దానికి ఆనుకునే దిండు. సార్, ఇది బండా, బీరువానా?"

నాకు కోపం వచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేయమన్నాను. చేశాడు. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, నాకు ఎక్కే సందు లేదు, బండికి మూడు పెట్టెలు. మూడు మండలాల్లో ప్రతి గట్టునూ జానెడు తేడా రాకుండా కొలిచిన మనిషిని, నా కాలి పొడవు మాత్రం కొలుచుకోలేదు. దానికి తోడు నా ఎడమ మోకాలు నాకంటే ఏడాది ముందే రిటైరైంది. ఆ మోకాలి మీద నిలబడి కుడికాలు ఆ పెట్టెల మీదుగా తిప్పడం నా వల్ల కాదని బాషా కొట్టు ముందరే తెలిసిపోయింది. అయితే ఆ కొట్టుకు నడుమెత్తు అరుగు ఉంది. అరుగెక్కి, పక్కనే బండి పెట్టించి, సీటు మీదికి అడుగేసి కూర్చున్నాను. ఇంటికి వచ్చాక మా నాపరాళ్ల అరుగు పక్కన బండి ఆపి, అలాగే అరుగు మీదికి దిగాను. సమస్య తీరిపోయిందనుకున్నాను.

అప్పటినుంచి నా యాత్రలన్నీ అరుగు నుంచి అరుగుకు. పుష్పగిరి, గండికోట, చివరికి మంత్రాలయం దాకా పోయి వచ్చాను. ఎక్కడ అరుగుంటే అక్కడ దిగాను, లేనిచోట బండి మీదే టీ తాగాను, బండి మీదే దోసె తిన్నాను, బండి మీది నుంచే దండం పెట్టుకున్నాను. ఫోటోలన్నీ బండి మీదే. అవి చుట్టాల వాట్సాప్‌లో పెడితే, "మామ సింహాసనం దిగడు," అని మెచ్చుకునేవాళ్లు. నేను మీసం దువ్వుకునేవాణ్ణి. మావాళ్లలో అసలు సంగతి లక్ష్మీదేవికి ఒక్కదానికే తెలుసు.

ఇంతలో మా చెల్లెలు సరోజ కూతురు స్వాతికి సంబంధం కుదిరింది. నిశ్చితార్థం రాయచోటిలో, మా చెల్లెలింట్లోనే. మేనమామ చీర పెట్టి పిల్లను పీట మీద కూర్చోబెడితేనే మా వాళ్లలో తాంబూలాలు మార్చుకుంటారు. మేనమామ అలిగితే ఆ పెళ్లి అక్కడితో ఆగుతుంది. మా తాత ఒకసారి అలిగి ఎద్దులబండి మీదే సాయంత్రం దాకా కూర్చుంటే, వియ్యాలవాళ్లు కాళ్లు పట్టుకుని దింపారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటి హోదా నాది.

"బస్సులో పోదాం రా," అంది లక్ష్మీదేవి, ముందురోజు.

"మేనమామ బస్సులో పోతే ఏం బాగుంటాది? బండి మీద పోతా. ఎనక కూర్చో, నిన్నూ తీసకపోతా."

"యాడ కూర్చోవాల, పెట్టెలోనా?" అని సంచి తీసుకుని బస్సెక్కింది.

నేను మర్నాడు పొద్దున్నే మాధవరంలో నేయించిన చీర వెనక పెట్టెలో పెట్టుకుని, కొత్త పంచె వద్దని ప్యాంటు వేసుకుని బయలుదేరాను. గువ్వలచెరువు కనుమ ఎక్కుతుంటే లారీవాళ్లు కూడా నా బండిని తల తిప్పి చూశారు. బండి మీదే కూర్చుని ఒక పెట్టె నిండా పాలకోవా వేయించుకున్నాను. పదింటికల్లా చెల్లెలి వీధిలో ఉన్నాను. ముహూర్తం పదకొండున్నరకు. చెల్లెలింటి ముందు నడుమెత్తు అరుగు ఉంది. దాని మీదికి దిగి, దర్జాగా లోపలికి నడవాలని నా పథకం.

అరుగు లేదు.

ఒకసారి కళ్లు నులుముకున్నాను. అరుగు ఉండాల్సిన చోట మురుగు కాలువకు తవ్విన గుంత ఉంది, దాని మీద ఏటవాలుగా సిమెంటు దారి. రోడ్డు వెడల్పు చేశారట. వీధి చివరిదాకా వెళ్లాను, ఒక్క ఇంటికీ అరుగు లేదు. వెనక్కి తిరిగి ఇంకో చివరకు పోయాను, అక్కడా లేదు. ఉద్యోగంలో ఉండగా ఎందరి అరుగుల మీదో కూల్చమని ఎర్రరంగుతో గీతలు గీసి వచ్చినవాణ్ణి. వాళ్ల ఉసురు ఊరికే పోతుందా?

నేను అరుగు కోసం తిరుగుతుంటే షామియానా కింద ఉన్నవాళ్లకు కనిపించింది వేరు. మేనమామ గుమ్మం దాకా వచ్చాడు, ఇల్లు చూశాడు, మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయాడు. మూడోసారి నేను వచ్చి గేటు ముందు పక్క స్టాండు వేసేసరికి మా బావ ఓబులేసు పరుగున వచ్చాడు.

"రా బావా, రా. ఏంది అట్ల ఎనక్కి పోతివి? దిగు, దిగు."

"దిగుతాలే. మీరు పదండి."

"నువ్వు లేకుండా మేం యాడికి పోతాం?"

"నా కోసం చూడొద్దు ఓబులేసూ. మీరు కానీండి."

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. కోపం లేనివాడు చెప్పే మాటలూ, అలిగినవాడు చెప్పే మాటలూ అక్షరం తేడా లేకుండా ఒకటే. నాకేం కోపం లేదు, నన్ను వదిలేయండి, మీరు కానీండి, నాకు ఆకలిగా లేదు. నేను నోరు తెరిచిన ప్రతిసారీ మా బావ మొహం పాలిపోతోంది.

"ఎండలో ఎందుకు బావా?"

"గాలి బాగుండాది ఈడ."

రాయచోటిలో, ఏప్రిల్ నెలలో, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని గాలి బాగుందన్న మనిషిని ఎవరు నమ్ముతారు? మా చెల్లెలు చెంబుతో నీళ్లు తెచ్చింది. "అన్నా, నిన్న రాత్రి ఫోన్ చేయలేదని కోపమా? పనుల్లో మర్చిపోతిని," అని కళ్లొత్తుకుంది. బావ చేతులు కట్టుకుని, "పత్రికలో నీ పేరు మూడోది పడింది. నాదే తప్పు," అన్నాడు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. తెలిశాక ఒక్క క్షణం నిజంగానే ఒళ్లు మండింది. ఆ క్షణమే అందరూ నా మొహం చూశారు.

ఏదో ఒక మంచి పని చేద్దామని, "చీర పెట్టెలో ఉండాది, తీసుకోండి. పిల్లకు కట్టియ్యండి," అన్నాను. అంతకంటే నోరు మూసుకున్నా బాగుండేది. మేనమామ గడప తొక్కకుండా చీర వీధిలోనే ఇచ్చేశాడన్న మాట షామియానా ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. వెనక వరసలో ఎవరో అననే అన్నారు.

"పిల్లను ఈయప్ప కొడుక్కి అనుకున్నారంట గదా. ఆ కడుపుమంట."

మా వాడికి అప్పటికింకా పెళ్లి కాని మాట నిజమే. స్వాతిని వాడు చిన్నప్పటినుంచీ చెల్లెలా చూసిన మాటా నిజమే. రెండో నిజం ఎవరికీ అక్కర్లేకపోయింది. పిల్లవాడి తండ్రి వెంకటరమణయ్య పెద్దమనిషి, లోపలి నుంచి మెల్లగా కుర్చీలు పట్టుకుంటూ వచ్చాడు.

"ఓబులేసప్పా, లోపల ఇట్లాంటిది ఉంటే ముందే చెప్పాల్సింది. మేనమామకు ఇష్టం లేని పిల్లను మేం చేసుకోం. మేం పోయొస్తాం."

వాళ్ల ఆడవాళ్లు లేచి సంచులు సర్దుకుంటున్నారు. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు స్వాతి బయటికి వచ్చింది. కాటుక చెదిరి ఉంది. "మామా, నీకిష్టం లేకుంటే చెప్పు. నేను పీట మీద కూర్చోను," అంది. ఆ పిల్లకు నడక నేర్పింది నేను. పిల్లవాడంటే దానికి ఎంత ఇష్టమో కూడా నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందంటారు. నేను స్వర్గానికైతే ఎక్కాను గానీ, అక్కడినుంచి ఉట్టి దాకా కూడా దిగలేకపోయాను.

లక్ష్మీదేవి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి బండి పక్కన నిలబడింది. నా చెవి దగ్గర మెల్లగా అంది.

"నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?"

"పరువు పోతాది లక్ష్మీ."

"పరువు దాని దోవన అది పోనీ. ఈడ పిల్ల సంబంధం పోతాంది."

హెల్మెట్ తీశాను. "అందరూ వినండప్పా," అన్నాను. "నాకు కోపం లేదు. సంబంధం బంగారం. నాకు ఈ బండి దిగేదానికి కాదు. కాలు లేయదు."

ఎవరూ నవ్వలేదు. అదే నా ఖర్మ. వెంకటరమణయ్య ఇంకా చిన్నబుచ్చుకున్నాడు.

"మంత్రాలయం పోయొచ్చినాడని ఫోటోలు చూపిస్తిరి. అంత దూరం పోయినాయప్ప బండి దిగలేడా? ఎగతాళి చేసేకి మేమే దొరికినామా?"

"అయితే చూడండి," అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

ఎడమకాలు నేల మీద ఆనించి కుడికాలు లేపాను. అది పెట్టె అంచు దాకా పోయి, బూటు మడమ తట్టుకుని అక్కడే ఆగింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. తొడ కండరం పట్టేసింది. కరెంటు స్తంభం దగ్గర ఆగిన జీవిలాగా, రెండు కుటుంబాల ఎదుట, నేను కాలెత్తి నిలబడిపోయాను. ఫోటోలు తీసేవాడు తన ధర్మం తాను మరిచిపోలేదు.

మొదట నవ్వింది స్వాతి. కాటుక, కన్నీళ్లు, నవ్వు అన్నీ కలిసిపోయాయి. తరువాత ఆ వీధంతా నవ్వింది. వెంకటరమణయ్య నవ్వి నవ్వి కుర్చీలో కూలబడి, "నాయనా, నీది ఒక మోకాలే. నాది రెండూ పోయినాయి. పొద్దున్నుంచి పీట మీద ఎట్ల కూర్చోవాల్నా అని లోపల్లోపల చస్తాండా," అన్నాడు. నలుగురు మనుషులు నా చంకల కింద ఇద్దరు, కాళ్ల దగ్గర ఇద్దరు పట్టుకుని, ఉత్సవ విగ్రహాన్ని దింపినట్టు దింపారు. వెంకటరమణయ్యా నేనూ పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని, ముహూర్తం దాటకుండానే తాంబూలాలు మార్చుకునే తంతు జరిపించాం.

ఆ సాయంత్రం నన్ను మళ్లీ బండెక్కిస్తామని నలుగురూ చొక్కా చేతులు మడుచుకుంటుంటే లక్ష్మీదేవి వద్దంది. ఇద్దరం బస్సులో వచ్చేశాం. వారం తరువాత బాషా రాయచోటికి పోయి బండి తోలుకొచ్చి, పక్క పెట్టెలు పీకి, సీటు కోసి, నా కాలిని టేపుతో కొలిచి మరీ తగ్గించాడు. ఇప్పుడు దాని వెనక మా ఆవిడ కూర్చుంటుంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మూడు నెలలకు స్వాతి పెళ్లయింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకుపోయేది మేనమామలు. నా మోకాలి మీద జాలితో నన్నొక్కణ్ణి పక్కకు తప్పించి, ఆ పని మా చిన్నాన్న కొడుక్కి అప్పజెప్పారు. ఈసారి నాకు నిజంగా కోపం వచ్చింది. మా తాతను తలుచుకుని, కల్యాణ మండపం బయట కుర్చీ వేసుకుని, మొహం తిప్పుకుని అలిగి కూర్చున్నాను. అర్ధగంట చూశాను. బావ రాలేదు, చెల్లెలు రాలేదు, చెంబుతో నీళ్లు రాలేదు. చివరికి నలుగురు మనుషులు వచ్చారు. చేతులు కట్టుకుని బతిమాలతారనుకున్నాను. కుర్చీకి చెరోపక్కన ఇద్దరిద్దరు నిలబడ్డారు.

"ఏందప్పా?" అన్నాను.

"మామకు లేసేదానికి కాలేదంట, ఎత్తకరమ్మన్నారు," అని, కుర్చీతో సహా నన్ను ఎత్తి, తిన్నగా భోజనాల బంతిలో దింపి పోయారు.

మా వంశంలో ఇక నా అలకకు చెల్లుబాటు లేదు. అందుచేత, అరిగిన నా ఎడమ మోకాలి సాక్షిగా, చదువుతున్న మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. బతికి ఉండగా నా కాలు దాటలేని బండి కొనను, కొన్నా దానికి పెట్టె కట్టించను, కట్టించినా శుభకార్యానికి దాని మీద పోను. ఒకవేళ ఎప్పుడైనా అలగవలసి వస్తే, ముందుగా డాక్టరు దగ్గర మోకాలికి ఏ జబ్బూ లేదని కాగితం రాయించుకుని, దాన్ని జేబులో పెట్టుకుని అలుగుతాను.