నైఫ్ మేడ మీది శోకం

మొన్న సెలవు రోజున అబ్రా పడవలో క్రీక్ అనే సముద్రపు పాయ దాటి డేరా వైపు దిగినప్పుడు, రేవు గోడకు కొత్తగా బిగించిన ఇత్తడి పలక ఒకటి కనిపించింది. ముత్యాల కోసం నెలల తరబడి సముద్రం మీదికి పోయే పడవలు పూర్వం ఇక్కడినుంచే బయల్దేరేవనీ, పాడడానికే ప్రతి పడవలో ఒక మనిషి ఉండేవాడనీ, అతను ఇంటిమీది బెంగను రాగం తీస్తుంటే మిగిలినవాళ్ళు తాళ్ళు లాగుతూ వంత పాడేవారనీ దానిమీద రాసి ఉంది. వెనక జనం తోసుకుంటూ పోతున్నా నేను కదల్లేకపోయాను. దుఃఖాన్ని పాడుకున్న చోటుకు కూడా గుర్తు పెడతారని అప్పటిదాకా నాకు తెలియదు. తెలిసిన మరుక్షణం, ఆ రేవు వెనక నైఫ్ పేటలో మేమున్న బిల్డింగు మేడ గుర్తుకొచ్చింది.

కరోనా వచ్చిన ఆ ఏడు ఇక్కడ ఉన్నవాళ్ళకు ఆ రోజుల సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. అప్పటికి నేను పనికోసం ఈ దేశం వచ్చి ఏడాది కాలేదు. ఒక బట్టల కొట్టులో బిల్లులు వేసేదాన్ని. గదిలో నాది పై మంచం, కింది మంచం పిన్నిది. రక్తసంబంధమేమీ లేదు, కోనసీమనుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసే ఆమెను గదిలో అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఎదురు మంచం కడప ఖాలాది, ఖాలా అన్నా పిన్ననే. శుక్రవారం సెలవు కాబట్టి ఆడవాళ్ళందరూ మేడ మీద బట్టలు ఆరేస్తూ పాటలు ఎత్తుకునేవారు; పిన్ని ఊడ్పుల పాట మొదలుపెడితే, ఆ చేలూ ఆ వానా ఎన్నడూ చూడని ఖాలా కూడా గొంతు కలిపేది. నేను నీళ్ళ ట్యాంకు నీడలో పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని వినేదాన్ని. వంత పాడమంటే గొంతు పెగిలేది కాదు. "ఈ పాప నోట్లో ముత్యాలుండాయిలే, తెరిస్తే రాలిపోతాయని భయం" అని ఖాలా ఏడిపించేది.

నైఫ్ అంతా మూసేసి, విమానాలు ఆగిపోయిన వారాల్లో, ఒక పొద్దున పిన్ని తల్లి పోయిందని కబురొచ్చింది. ఆమెకు పిన్ని ఒక్కతే కూతురు. వాళ్ళ ఇంట కూతురు తల్లి మీద పడి, ఆమె పడ్డ కష్టాలన్నీ రాగం కట్టి ఏడిస్తే గాని శవాన్ని లేపరు. పోనీ ఫోన్లో ఏడుద్దామంటే ఎన్నిసార్లు చేసినా కాల్ నిలవలేదు, వాయిస్ మెసేజ్ ఒక్కటే వెళ్ళేది. రోగాల కాలం కదా, ఎండెక్కకముందే లేపేయాలని ఊళ్ళోవాళ్ళు తొందర పెడుతున్నారని, శోకం అందులోనే పంపితే అమ్మ చెవి దగ్గర పెడతానని తమ్ముడు కబురు చేశాడు.

పక్క గదిలో జ్వరాలతో పడుకున్నవాళ్ళున్నారని మేడ ఎక్కాం. పిన్ని ఫోనులో మెసేజ్ మీట మీద వేలు నొక్కిపట్టి రాగం తీసింది. కానీ శోకం తీసే ఆడదాని చేతులు ఊరుకోవు కదా, తొలి మాటకే గుండెల మీదికి పోతాయి. మీట మీంచి వేలు లేచిపోయేది, అంతవరకు రికార్డయిన ముక్క వెళ్ళిపోయేది. అలా ఎన్ని ముక్కలు వెళ్ళాయో.

"ఓ తల్లో అనేదాకే వత్తందక్కా. మల్లీ పంపు. ఇక్కడ తొందర పెట్టేత్తన్నారు" అని తమ్ముడి గొంతు వినిపించింది.

పిన్ని ఫోను వంక చూసి, "నా అమ్మకి ఏడుపు కూడా సరిగ్గా ఏడవలేకపోతన్నానే" అంది, ఎవరితోనో తెలియకుండా.

ఎలా లేచానో నాకు తెలియదు, ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని ఎదురుగా కూర్చుని నా బొటనవేలుతో నొక్కిపట్టాను. ఇక ఆమె రెండు చేతులూ ఆమెకే మిగిలాయి. "గుమ్మంలో చెప్పుల చప్పుడైతే నేనే వచ్చాననుకునే తల్లో, ఈసారి నా చెప్పులు ఇసకలో ఇరుక్కుపోయాయే తల్లో" అని ఆమె పాడుతుంటే, ప్రతి పాదం చివరా ఖాలా "తల్లో" అని అందుకుంది. చప్పుడు విని నాతూర్, అంటే మా బిల్డింగు కాపలాదారు, కోపంగా పైకొచ్చాడు. "యే క్యా హై, ఖలాస్ కరో" అని ఆపమన్నవాడు, ఖాలా ఆకాశం వైపు వేలు చూపగానే ఇంకేమీ అడగకుండా మెట్ల తలుపు దగ్గరగా వేసి అక్కడే నిలబడిపోయాడు. నా వేలు తిమ్మిరెక్కింది, అయినా తీయలేదు. నా నోటినుంచి కూడా "తల్లో" అని వచ్చిందని తర్వాత ఖాలా చెబితేనే తెలిసింది.

కాసేపటికి తమ్ముడి దగ్గరనుంచి జవాబొచ్చింది. అందులో పిన్ని గొంతే, కొంచెం బొంగురుగా, అక్కడి ఫోనులోంచి మళ్ళీ వినిపిస్తోంది. దానివెనక ఊరి ఆడవాళ్ళంతా "తల్లో" అని అందుకుంటున్నారు. చివర్లో తమ్ముడు, "ఇన్నాదక్కా. ఇంక లేపుతున్నాం" అన్నాడు. పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని, తీగ మీద ఆరిన బట్టలు ఒక్కొక్కటే మడతపెట్టసాగింది.

ఆ బిల్డింగుకు ఇప్పుడు కొత్త రంగు వేశారు, మేడ తలుపుకు తాళం. పిన్ని ఊరికి వెళ్ళిపోయింది, ఖాలా షార్జాలో ఎక్కడో ఉందంటారు. చాలామందికి సెలవు కూడా శుక్రవారంనుంచి ఆదివారానికి మారిపోయింది. మా శోకానికీ ఒక పలక పెట్టాలంటే ఆ నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టాలి, అక్కడ చదివేవాళ్ళెవరూ ఉండరు.

ఈమధ్య కొట్టులో కొత్తగా చేరిన అమ్మాయి ఇంటికి మెసేజ్ పంపుతుంటే చూశాను. మాకెవరికీ అప్పుడు తెలియలేదు గాని, ఆ మీటను ఒకసారి పైకి జరిపి వదిలేస్తే చాలట, ఎంతసేపైనా దానంతటదే వింటూ ఉంటుందట. ఇంకొకరు పట్టుకుని కూర్చోనక్కరలేదు.