గోతిలో సింధు

గోతిలోకి దిగి, మట్టి పొరలు చూసి, నేల స్వభావం చెప్పే పోటీకి నా భార్య యూనివర్సిటీలో ఒక జట్టు తయారుచేసింది. ఆమె పోయాక వాళ్లను కారులో తిప్పేది నేనే. ఈ రోజు జర్మనీలోని ఎర్లాంగెన్ ఊరి దగ్గర వానకు నానిన పొలంలో సాధన. జట్టులోని సింధు తలలోతు గోతిలో ఉంది. అంచున పగులు కనిపించింది.

"పైకి రామ్మా!"

"ఒక్క నిమిషం అంకుల్, ఈ పొర కలర్ చూసి వస్తా."

"కలరూ లేదు, గిలరూ లేదు. రా!"

చెయ్యి పట్టి లాగాను. ఆమె గట్టెక్కగానే గోడ కూలింది. సింధు తొంగిచూసి, "అంకుల్, ఇప్పుడు పొరలు ఎంత క్లియర్‌గా ఉన్నాయో!" అంది.

రేపు మళ్లీ దిగుతారట. మీరైతే పంపుతారా? ఇలాంటివి నా భార్యను అడిగేవాణ్ని.