గురవయ్య సైగ

మా యోహాను తాత తలచుకుంటే డాల్ఫిన్స్ నోస్ కొండను క్రేనుతో ఎత్తి సముద్రం అవతల పెట్టేసేవాడు. పోర్టులో ముప్పయ్యేళ్లు క్రేను నడిపాడు. అంత ఎత్తున ఎవరి మాటా వినపడదు కాబట్టి, కింద గురవయ్య చేసే సైగను చూసే బరువు ఎత్తేవాడు, దించేవాడు. తాత రిటైరైన రోజు గురవయ్య అందరి ముందూ, "నా సెయ్యి లేకపోతే నువ్వేటి బావా?" అన్నాడు. ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

క్షమించాలో వద్దో దేవుణ్ణే అడగమన్నారు పాస్టరుగారు. మనసు తెరిచి కూర్చుంటే ఆయన స్వరం వినపడుతుందట. తాత రోజూ పొద్దున్నే రేడియో కట్టేసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంటాడు. ఓడ కూస్తే ఓడని, కుక్కర్ కూస్తే నానమ్మని తిడతాడు. చివరికి "ఈరోజూ ఏటీ లేదు" అని బైబిలు టపీమని మూస్తాడు. నిన్న ఆ వేళకే గురవయ్య మా గేటు దగ్గర ఆగి, అరచెయ్యి కిందికి తిప్పి, 'దించు' అని పాత సైగ చేశాడు. తాత ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ గట్టిగా మూసుకున్నాడు.

"ముప్పయ్యేళ్లు సైగతోనే పని చేశావు కదా తాతా, ఇప్పుడు గొంతే కావాలా?" అన్నాను.

"సెయ్యి కనపడింది లేరా. దించడానికే మనసు రాట్లేదు."