నక్షాలో వదిలేసిన మోరీ

నాకు ఉర్దూ వచ్చు. ఈ ఒక్క ముక్క నోరు విప్పి చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. వచ్చు అనడమేమిటి, నా మెట్రిక్ దాకా చదువంతా అందులోనే సాగింది. లెక్కలు, భూగోళం, నక్షా గీయడం అన్నీ ఉర్దూలోనే నేర్చుకున్నాను. అలాంటివాణ్ణి దఫ్తర్‌లో పదిమంది ముందు నిలబడి ‘నాకు ఉర్దూ చదవడం రాదు సార్’ అన్నాను. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు, నాది ఆ రోజు అటు తిరిగింది.

అప్పుడు నేను సికింద్రాబాద్‌లో మోరీల దఫ్తర్‌లో నక్షాలు గీసే గుమాస్తాను. నేల కింద మురుగు గొట్టం ఎటునుంచి ఎటు పోతోందో కాగితం మీద చూపించడం నా పని. కాగితం మీద చూపించాలంటే ముందు నేల మీద వెతకాలి కదా, అందుకు నాకు తోడుగా మోరీల మేస్త్రీ వచ్చేవాడు. చిలకలగూడ దగ్గర ఒక గల్లీలో ఉండే ముసలాయన. నేను చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను బేటా అనేవాడు. ఇనుప సలాకతో నేల మీద రెండుసార్లు కొట్టి, తల వంచి విని, “ఈడున్నది గొట్టం, గీసుకో” అనేవాడు. తవ్వి చూస్తే సరిగ్గా అక్కడే ఉండేది. చదువు మాత్రం ఒక్క అక్షరం రాదు.

ఆయన గల్లీ కింద పోయే మోరీకి ఒక పాత నక్షా ఉండేది. అందులో మోరీ గీత పక్కన ఎర్ర సిరాతో ఉర్దూలో రాసి ఉండేది: ‘కుంట గట్టు నుంచి నాలా దాకా ఈ మోరీ సర్కారుది. మరమ్మతు సర్కారే చేయాలి.’ ఆ మోరీ తవ్విన కూలీల్లో చాచా తండ్రి కూడా ఉన్నాడట. అందుకని ఆ నక్షా బయటికి తీసినప్పుడల్లా నా భుజం మీదుగా వంగి, “జెర సదువు బేటా” అనేవాడు. చదివేవాణ్ణి. “ఇంకొక్కపారి” అనేవాడు.

“ఎన్నిసార్లు చాచా, రాత ఏమన్న మారుతదా?” అంటే, “మారదు గద, గందుకే వినాలె” అని నవ్వేవాడు. తర్వాత ఇద్దరం ఇరానీ హోటల్‌కు పోయేవాళ్ళం. ఒక్క చాయ్ చెప్పి, సాసర్‌లో పోసి నాకిచ్చి, తాను కప్పులో మిగిలింది తాగేవాడు.

పోలీసు చర్య అయిపోయింది, నిజాం పాలనా పోయింది. మా దఫ్తర్‌కు కొత్త ఆఫీసరు వచ్చాడు, మద్రాసు వైపు మనిషి. చెడ్డవాడని నేననను. పని తెలిసినవాడే, కాకపోతే అన్నిటికీ తొందర. ఆయన వచ్చిన కొన్నాళ్ళకే ఉర్దూ తప్ప మరొకటి రాయలేని ఇద్దరు గుమాస్తాలను ఇంటికి పంపించారు. అందులో ఒకాయన బల్ల నా బల్ల పక్కనే. ఆ ఖాళీ బల్ల చూస్తూ, విప్పిన టిఫిన్ డబ్బా మళ్ళీ మూసేశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, “ఇంగ ఉర్దూ గిర్దూ అనకుండ్రి. ఇంగ్లీషొస్తది, తెలుగొస్తది అని చెప్పుండ్రి, గంతే” అంది. ఆమెను అనడమెందుకు? ఆ మాట నేను దారిలోనే అనుకుని వచ్చాను. ఉర్దూలో ఉన్న నా సర్టిఫికెట్లు పెట్టె అడుగుకు తోసి, పైన బట్టలు పెట్టాను. మర్నాడు ఆఫీసరు అడిగితే, ఉర్దూ మాట్లాడతాను గానీ చదవలేనన్నాను. దఫ్తర్‌లో తక్కినవాళ్ళకు నా సంగతి తెలుసు. కానీ ఎవరి భయం వాళ్ళది.

అదే ఏడు ఊరి హద్దు పెంచారు. అంతవరకు హద్దు బయట ఉన్న చాచా గల్లీ ఊళ్ళో కలిసింది. అట్లా కలిసిన ప్రతి గల్లీలోనూ మోరీ ఎవరిదో తేల్చాలి. సర్కారు వేసిందని ఆధారముంటే దాన్ని మా దఫ్తర్ తన కిందికి తీసుకుంటుంది. ఆధారం లేకపోతే అది గల్లీవాళ్ళ సొంతం, దాని మంచీచెడ్డా వాళ్ళే చూసుకోవాలి. గల్లీ చివర నాలా ఒడ్డున కొత్త మార్కెట్ కట్టాలని కూడా అనుకున్నారు.

ఆఫీసరు పాత నక్షా బల్ల మీద పరిచాడు. “ఈ ఎర్ర రాత ఏమిటయ్యా?”

“తెలియదు సార్. నాకు చదవడం రాదు.”

“ఇంకెవరికైనా వచ్చా?” అని చుట్టూ చూశాడు. ఒక్క తలా పైకి లేవలేదు. “సరే, చదవలేనిదాన్ని ఆధారమని ఎలా అంటాం? కొత్త నక్షాలో అది వదిలెయ్” అన్నాడు.

వదిలేశాను. ట్రేసింగ్ గుడ్డ మీద ఆ గల్లీని ఎంత శుభ్రంగా వదిలేశానంటే, దాని కింద గొట్టం ఉందని దేవుడికి కూడా అనుమానం రాదు. చాచా అప్పటికి పని మానేసి ఇంటి పట్టున ఉన్నాడు, ఆయనకు ఈ సంగతి తెలియదు. ఆఫీసరుతో తర్వాత మెల్లగా చెబుదాంలే అనుకున్నాను. రేపు చెబుదాం, పండుగ పోయాక చెబుదాం, నౌకరీ పక్కా అయ్యాక చెబుదాం. ఛీ, ఎన్ని రేపులు!

మార్కెట్‌కు పునాదులు తవ్వుతుంటే గొట్టం అడ్డం వచ్చింది. పని చేయించేవాడు నా నక్షా విప్పి చూశాడు. అందులో ఏమీ లేదు. ఎవరిదో పాడుబడ్డ గొట్టమనుకుని రాళ్ళూ సున్నమూ దట్టించి మూసేశాడు. మొదటి వానకే మురుగంతా వెనక్కి తన్ని గల్లీలో ఇళ్ళలోకి చొరబడింది.

రెండో రోజు చాచా దఫ్తర్‌కు వచ్చాడు. పైజామా మోకాళ్ళ దాకా మడిచి ఉంది. కాళ్ళు కడుక్కునే వచ్చాడు గానీ వాసన పోలేదు.

“సాబ్, ఆ మోరీ సర్కార్ది. ఇండ్లల్లకు మురికినీళ్ళు జొచ్చినయ్. పొయ్యి మునిగింది, మా ముసల్ది మంచం దిగుతలేదు. బహుత్ తక్లీఫ్ ఉంది సాబ్. మోరీ తెరిపించుండ్రి.”

“సర్కారుదని ఎవరన్నారు?”

“నక్షాల రాసున్నది సాబ్.”

“నీకు చదువొచ్చా?”

“నాకు రాదు. గీ బాబు సదివిండు. మస్తుసార్లు సదివి చెప్పిండు.”

ఆఫీసరు నా వైపు తిరిగాడు. “ఏమయ్యా?”

నిజం చెబితే గల్లీ బాగుపడుతుంది, అబద్ధమాడానని నా నౌకరీ పోతుంది. లెక్క అంతే. చాచా కాళ్ళ వైపు చూడకుండా అన్నాను: “లేదు సార్. నాకు ఉర్దూ చదవడం రాదని మీకు తెలుసుగా. ఆయన పొరబడ్డాడు.”

చాచా నా ముఖంలోకి చూశాడు. కోపంగా చూసుంటే బాగుండేది. పక్కన ఖాళీగా ఉన్న బల్ల చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. తర్వాత ఆఫీసరుతో మెల్లగా అన్నాడు: “అవు సాబ్. పరేషాన్ల ఉన్న, నేనే మర్సిన. సదివింది వేరే బాబు. ఆయన ఇప్పుడు ఈడ లేడు.”

సలాం చేసి వెళ్ళిపోయాడు. నేను లేచి వెంట పోలేదు. పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాను.

గల్లీవాళ్ళు సొంతంగా గొట్టం వేయించుకోలేకపోయారు. ఆ గల్లీ మనుషులుండడానికి పనికిరాదని రాసి, ఇళ్ళు తీయించి, మార్కెట్‌కు దారి వేశారు. చాచా నేరేడ్‌మెట్‌లో కూతురింటికి చేరాడని విన్నాను. నా నౌకరీ పక్కా అయింది. నక్షాలు శుభ్రంగా గీస్తానని ఆఫీసరు మెచ్చుకున్నాడు కూడా.

కొన్నాళ్ళకు పాత ఉర్దూ నక్షాలన్నీ చెత్త కింద బయట పడేశారు. ఆ నక్షా వెతికి తీసి, చుట్టి, సైకిల్‌కు కట్టుకుని నేరేడ్‌మెట్ పోయాను. చాచా వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“చాచా, నేను ఆ రోజు...”

“ముందుగాల చాయ్ తాగు” అని సాసర్‌లో పోసిచ్చాడు. నక్షా పరిచాను. అక్షరం రాని మనిషి, వేలు తిన్నగా ఎర్ర రాత మీదే పెట్టాడు. “సదువు బేటా.”

చదివాను. నాకే సరిగా వినపడనంత మెల్లగా చదివాను.

“గట్టిగ సదువు. ఈడ ఆఫీసర్ లేడు.”

మళ్ళీ చదివాను. వెనకట సలాకతో కొట్టి విన్నట్టే తల వంచి విన్నాడు. ఆయన కూతురు గడపలోకి వచ్చి నిలబడి, “ఇంత సాఫ్‌గ రాసుంటే గీ బాబు అప్పుడే ఎందుకు సదివి చెప్పలేదు అబ్బా?” అని తండ్రిని అడిగింది.

“అప్పుడు బాబుకు సదువు రాకుండె బిడ్డా” అన్నాడు చాచా.