ఖాకీ అంగీ జేబులో

ముప్పై తొమ్మిదేళ్లు వచ్చినా ధర్మేందర్‌కు పరీక్ష హాలంటే భయం పోలేదు. కోదాడలోని ఒక కాలేజీ ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం శని, ఆదివారాల్లో ఇండస్ట్రియల్ టెక్నాలజీ డిగ్రీ క్లాసులు నడుపుతుంది. అతను అందులో చివరి ఏడాది చదువుతున్నాడు. సిమెంటు ఫ్యాక్టరీల నుంచి వచ్చేవాళ్ల మధ్య వెనక బెంచీలో కూర్చుంటాడు. తనకంటే చిన్న వయసు లెక్చరర్ బోర్డు దగ్గరికి పిలిస్తే తల దించుకుని పుస్తకం తిరగేస్తాడు.

సొంతూరు సూర్యాపేట పక్కన చివ్వెంల. డిప్లొమా అయిన ఏడాదే తండ్రి ట్రాక్టర్ మీద నుంచి పడి మంచం పట్టడంతో పై చదువు ఆగిపోయింది. అప్పటినుంచి వేములపల్లి దగ్గర బాయిల్డ్ రైసు మిల్లులో ఎలక్ట్రీషియన్. మిర్యాలగూడలో కిరాయి ఇల్లు. మళ్లీ పుస్తకం పట్టడానికీ భయమే కారణం. మిల్లులో దసరాకు కొత్త ఆటోమేటిక్ ప్లాంటు పెడుతున్నారు. "డిగ్రీ ఉన్నోడే దాన్ని సూసుకోవాలె. నీకు వస్తే నువ్వే. లేకుంటే ఇంకొకణ్ని తెచ్చుకుంట," అన్నాడు సేటు. ఇంకొకడు వస్తే తన పని ఏమవుతుందో ధర్మేందర్ అడగలేదు.

చివరి పేపరు ఆదివారం పడింది. ఆ రోజు పొద్దున్నే మిల్లు నుంచి ఫోను వచ్చింది. తడి వడ్లు పేరుకుపోయి ఎలివేటర్ ఆగిపోయింది. గుంతలో పోసిన వడ్లను బకెట్ల బెల్టుతో పైకెత్తే యంత్రం అది. యాసంగి వడ్ల లారీలు గేటు బయట వరుస కట్టి ఉన్నాయి. పరీక్ష ఉందని చెప్పకుండానే వస్తానన్నాడు. కాలేజీకి వేసుకునే అంగీని సంచిలో పెట్టుకున్నాడు.

"పరీచ్చనాడు గూడ మిల్లేనా?" అంది భార్య అలివేలు. "నీ బదులు సేటు పోయి రాస్తడా?"

"గంటల అయిపోతది."

"నువ్వు చెప్పే గంట నాకు తెల్వదా!"

ఆ గుంత దగ్గర మిల్లుకు ఒక పద్ధతి ఉంది. ధర్మేందర్‌కు ముందు పనిచేసిన గౌరయ్య కుడిచెయ్యి మోచేతి దాకా అందులోనే పోయింది. లోపల మనిషి ఉన్నాడని తెలియక పైన ఎవరో బటన్ నొక్కారు. అప్పటినుంచి దిగేవాడు కరెంటు బోర్డులోంచి ఎలివేటర్ ఫ్యూజులు మూడూ పీకి, జేబులో వేసుకుని మరీ దిగుతాడు. అతను పైకి వచ్చి వాటిని తిరిగి పెట్టేదాకా బెల్టు కదలదు.

ధర్మేందర్ అలాగే పీకి, ఖాకీ అంగీ జేబులో వేసుకుని దిగాడు. వెనకే హమాలీ బీరయ్య దిగాడు. ఆత్మకూర్‌లో గొర్లమంద అమ్మేసి మిల్లుకొచ్చినవాడు. ఇద్దరూ వంగి, ముద్దకట్టిన వడ్లను తట్టలకెత్తారు. ఉక్కతో, పులిసిన వాసనతో ఊపిరాడలేదు. ఎంత తీసినా అడుగున ఇంకా మిగిలే ఉంది.

"ఇగ నువ్వు పో తమ్మీ, బస్సు పోతది," అన్నాడు బీరయ్య. "ఈ కొసరు నేను తీస్త."

"నువ్వొక్కనివే ఎట్ల తీస్తవన్నా?"

"మందల తప్పిపోయిన గొర్రెను చీకట్ల ఎతికి తెచ్చినోణ్ని. గీ వడ్లు నాకో లెక్కనా? ఇంజినీరువైనంక నన్ను గుంతల దింపకు, గంతే."

ధర్మేందర్ నవ్వుతూ నిచ్చెన ఎక్కాడు. కరెంటు బోర్డు పక్కన ఖాకీ అంగీ విప్పి మేకుకు తగిలించాడు. మొహం కడుక్కుని, కాలేజీ అంగీ తొడుక్కుని రోడ్డు మీదికి ఉరికాడు. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సు దొరికింది.

హాలు గుమ్మం దగ్గర అందరి ఫోన్లూ తీసి పెట్టించారు. ప్రశ్నపత్రం చూశాక కొంచెం ధైర్యం వచ్చింది. మొదటి జవాబు రాశాడు. రెండోది సగంలో ఉండగా పెన్ను ఆగిపోయింది. ఇంకో పెన్ను కోసం చెయ్యి జేబులోకి పోయింది. వేళ్లకు బట్ట తప్ప ఏమీ తగల్లేదు. రెండో పెన్ను బల్ల మీదే ఉంది. అయినా చెయ్యి జేబులోంచి రాలేదు.

ఫ్యూజులు బీరన్నకు ఇవ్వలేదు.

అవి ఖాకీ అంగీలో ఉన్నాయి. అంగీ మేకు మీద ఉంది. ఆపరేటర్ రామనర్సయ్య బోర్డు దగ్గరికి వస్తాడు. ఫ్యూజులు కనిపించకపోతే జేబులో చూస్తాడు. అవి ఎవరి జేబులో ఉంటాయో మిల్లులో అందరికీ ఎరుకే. అంగీ గోడకు ఉందంటే మనిషి పైకి వచ్చినట్టే. లోపల ఇంకొకడు ఉన్నాడని ఎవరికి తోస్తుంది? బోర్డు దగ్గర నిలబడితే గుంత కనపడదు. డ్రయ్యర్ ఫ్యాన్ల హోరులో అరిచినా వినపడదు.

ధర్మేందర్ లేచి నిలబడ్డాడు.

"ఏమైందండీ? కూర్చోండి," అంది ఇన్విజిలేటర్.

"ఫోన్ చెయ్యాలె మేడమ్. మనిషి పాణం మీదికొచ్చింది."

"గంట దాటందే పంపకూడదండీ. వెళ్తే మళ్లీ లోపలికి రానివ్వరు. తెలుసుగా?"

"కూసో అన్నా," వెనక నుంచి సిమెంటు ఫ్యాక్టరీ అతను గొణిగాడు. "ఈ పేపర్ పోతే ఖతం."

ధర్మేందర్ కూర్చున్నాడు. బీరన్న ఈపాటికి పైకి వచ్చేసి ఉంటాడనుకున్నాడు. చాయ్ తాగుతుంటాడు. రామనర్సయ్య లారీల దగ్గర ఉంటాడు. ఒక వాక్యం రాశాడు. చదువుకుంటే అర్థం కాలేదు. మెడ ముందుకు చాచి, బెల్టు కింద తల పెట్టి వంగిన బీరయ్య కళ్లముందు కదిలాడు. పేపరు బల్ల మీదే వదిలి బయటికి నడిచాడు.

గుమ్మం దగ్గర తన ఫోను తీసుకుని వరండాలోంచే మిల్లుకు చేశాడు. బీరయ్య ఎత్తలేదు. దిగేముందు ఫోను పైనే పెడతాడు. రామనర్సయ్యా ఎత్తలేదు. గేటు దగ్గర లారీలు తూచే కాంటా గదిలో కూర్చునే సరళ ఎత్తింది.

"ఏందన్నా, పరీక్ష అప్పుడే అయిపోయిందా?"

ఆమె మాట వెనక ఒక చప్పుడు వినిపించింది. తడక్ తడక్ మని, ఆగకుండా. ఎలివేటర్ నడుస్తోంది.

"సరళా, మెయిన్ ఆపు! ఉరుకు!"

"నేనా? సేటు నన్ను బతకనిస్తడా?"

"నేను చెప్పిన్నని చెప్పు! గుంతల బీరన్న ఉన్నడు!"

ఆమె చెప్పుల చప్పుడు, ఎవరో కేకలు. తర్వాత మిల్లు మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. ధర్మేందర్ ఫోనును చెవికి అదుముకున్నాడు. తను ఆపించింది తిరుగుతున్న బెల్టును. అది ఎప్పటినుంచి తిరుగుతోంది? లోపల ఉన్నవాడికి ఇప్పుడు ఆపితే ఏం, ఆపకపోతే ఏం? ఫోనులో సరళ ఏడుపు వినిపించింది. అది ఏ ఏడుపో తెలియలేదు.

"అన్నా, ఉన్నడు. ఊక కుప్ప కాడ కూసున్నడు. మాట్లాడ్తలేడు. దెబ్బలేం కనవడ్తలెవ్వు."

మధ్యాహ్నం అతను మిల్లుకు చేరేసరికి బీరయ్య అక్కడే ఉన్నాడు. భుజం మీద ఎప్పుడూ ఉండే తువ్వాల లేదు. అతని ముందు నేల మీద బకెట్లలోంచి తీసిన పీలికలు పడున్నాయి.

"నిచ్చెన మీద మూడో మెట్టు ఎక్కిన తమ్మీ," అన్నాడు బీరయ్య, పీలికలనే చూస్తూ. "తువ్వాల కొస పట్టి గుంజింది. ఇడిసిపెట్టిన. మెడకు సుట్టుకొని ఉండె పొద్దుగాల. చెమటకు తీసి బుజం మీదేసుకున్న."

రామనర్సయ్య దూరంగా నిలబడ్డాడు. "నీ అంగీ గోడకుండె. నువ్వు ఎక్కినవనుకున్న."

"నేను ఎక్కిన," అన్నాడు ధర్మేందర్.

"పరీచ్చ?" బీరయ్య అడిగాడు.

"పోయింది."

"మల్ల రాయరాదా?"

"రాయొచ్చు. దసరా ఎల్లినంక."

బీరయ్య అతని వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

గుంత అడుగున వడ్లు ఇంకా ఉన్నాయి. గేటు బయట లారీలూ ఉన్నాయి. సాయంత్రానికి లైను నడవాలని సేటు కబురు పెట్టాడు. బీరయ్య లేచి నిచ్చెన దాకా వెళ్లాడు. పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు ఉండన్నా," అన్నాడు ధర్మేందర్.

అతను బోర్డు దగ్గరికి వెళ్లి ఖాకీ అంగీ తొడుక్కున్నాడు. మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. నిచ్చెన మొదటి మెట్టు మీద ఆగి, "బీరన్నా, గీడనే ఉండు. యాడికీ పోకు," అన్నాడు.

"ఉన్న. పో."

కింద చీకటిగా, వేడిగా ఉంది. బెల్టు అతని మొహానికి జానెడు దూరంలో వేలాడుతోంది. తట్ట నింపడానికి వంగాడు. ఎడమ చెయ్యి జేబు మీదికి పోయింది. ఎంత లాక్కున్నా అక్కడినుంచి రాలేదు. కుడి చేత్తోనే, పిడికెడు పిడికెడుగా వడ్లు ఎత్తడం మొదలుపెట్టాడు. కొద్దిసేపటికొకసారి తలెత్తి పైకి పిలిచాడు.

"బీరన్నా?"

"ఉన్న."